తనంత తాను నడచు సెలవు చీటీ

పావగడనుండి తిరుమణికి పోవు బస్సులో కిటికీ ప్రక్కను కూర్చున్నవానికి, వేరుసెనగ చేలును, చింతచెట్లును, బండరాతి గుట్టలును ఒకదానివెంట నొకటి గడచిపోయిన పిమ్మట, ఉన్నట్లుండి నేలయంతయు నీలిరంగు గాజుపలకలుగా మారి, దూరమునుండి చూడ నిండుచెరువేమో యను భ్రమ గొలుపును. చెరువులు నిండుట అరుదైన మా తాలూకాలో ఇట్టి భ్రమ కొంచెము క్రూరమైనదే. తిరుమణి, వళ్ళూరు, బళసముద్రము, క్యాతగానచెర్లు, రాయచెర్లు అను అయిదు గ్రామముల పొలములలో సుమారు 13,000 ఎకరములమీద పరచుకొని, 2,050 మెగావాట్ల సామర్థ్యముతో 2019 డిసెంబరు నాటికి పూర్తియైన యీ సౌరవిద్యుత్ క్షేత్రమునుగూర్చి పత్రికలలో చాల వ్రాతలు వచ్చినవి. వానిలో ఎకరముల లెక్క యున్నది, మెగావాట్ల లెక్క యున్నది. ఆ పలకలను కడుగువారు, వాని నడుమ గడ్డి కోయువారు, రాత్రియెల్ల కంచెవెంట టార్చి పట్టుకొని తిరుగువారు ఏనాడు పనికి వచ్చిరి, ఎవరికి ఏనాడు సెలవు దొరకెను అను లెక్క మాత్రము వ్రాయుట కెవ్వరికిని తోచలేదు. ఆ లెక్కతో నాకు పరిచయము కలిగినది మా మేనల్లుని మూలమున.

అతడు అచ్చట ఒక కాంట్రాక్టరు క్రింద సూపర్వైజరు. ఉదయము 6 గంటలకు, మధ్యాహ్నము 2 గంటలకు, రాత్రి 10 గంటలకు మారు మూడు షిఫ్టుల కావలివారును, తెల్లవారుజామున పలకలు కడుగు ఆడవారును కలిసి అరువదిమంది వరకు అతని అజమాయిషీలో నున్నారు. రెండేండ్లక్రిందట నేను మొదటిసారి అతని రేకుల షెడ్డునకు పోయినపుడు, బల్లమీద, చెక్కపీటకు నిలువుగా దిగగొట్టిన యొక యినుపచువ్వయు, దానికి గ్రుచ్చిన కాగితములును కనబడినవి. అవి సెలవు చీటీలు. బడిపిల్లల నోటుబుక్కులనుండి చించిన గీతల కాగితములు. ఒకటి రెంటివెనుక ఎక్కములుకూడ కలవు. మా ప్రాంతపు తెలుగులో సెలవును 'రజా' అందురు గనుక ప్రతి చీటీలోను 'రెండు దినాలు రజా కావల్ల' అను మాటయే. భాష తెలుగు, లిపి కన్నడము. ఇంట తెలుగు మాటాడి బడిలో కన్నడము దిద్దిన మావారికి ఇందు వింత యేమియు లేదు.

వింత యంతయు ఆ చువ్వలో నున్నది. దానికి గ్రుచ్చిన చీటీలలో అడుగునున్నది అన్నిటికంటె పాతది, పైనున్నది అన్నిటికంటె క్రొత్తది. తీరిక చిక్కినపుడు సూపర్వైజరు చేతికి మొదట వచ్చునది పైచీటీయే. ముందడిగినవాడు వెనుకబడుటకు ఇంతకంటె మంచి యుపాయము వేరొకటి దొరకదు. అడుగుచీటీ తీసి చూచితిని. అది పదునొకండు దినములనాటిది. చెవిపోటు వైద్యమునకు ఒక్కపూట సెలవడిగిన యా కావలివాని చెవి యీలోపల తనంత తానే నయమైయుండును.

"ఏమిరా, వీటిని చూసేదానికి నీకు పొద్దే దొరకదా?" అని అడిగితిని.

"చూసేదానికి అర నిమిషం చాలు మామా. కూచునేదానికే పొద్దు లేదు," అనెను.

వాడన్న యీ మాటలో ఒక శాస్త్రమే యిమిడియున్నది. చీటీ ఆరు దినములు బ్రతికిన దనుకొందము. అందులో ఎవరైన దానిని చదివినది అర నిమిషము. తక్కిన ఆయుర్దాయమంతయు అది ఊరక వేచియుండెను. కచ్చేరీలోని ఫైలైనను, ఆసుపత్రి వసారాలోని రోగియైనను అంతే. పని పట్టు కాలము స్వల్పము, పనికై వేచియుండు కాలము అనల్పము. ఈ నిరీక్షణను కొలుచు సూత్రమును 1961లో జాన్ లిటిల్ అను అమెరికను పండితుడు నిరూపించెను. ఒకచోట సగటున ఎన్ని నిలిచియున్నవో ఆ సంఖ్య, అవి వచ్చు వేగమును ఒక్కొక్కదాని సగటు నిరీక్షణచేత గుణించినదానికి సమాన మగును. సూత్రము ఇంతే. చీటీలు దినమునకు రెండు చొప్పున వచ్చుచు, చువ్వమీద ఎప్పుడు చూచినను పండ్రెండు ఉన్న యెడల, ఒక్కొక్కటి సగటున ఆరు దినములు వేచియున్నదని చెప్పివేయవచ్చును. పైది ముందు తీసినను, అడుగుది ముందు తీసినను సగటు మారదు. ఎవని వంతున ఎంత పడునను న్యాయాన్యాయములు మాత్రమే మారును. చువ్వను చూచి సూపర్వైజరు తీరు చెప్పవచ్చు నంటిని. మేనల్లునికి కోపము వచ్చినది గాని, లెక్క కాదనలేకపోయెను.

ఆ యేడు కాంట్రాక్టరు సిబ్బంది నిర్వహణ సాఫ్టువేరు నొకదానిని కొని, గేటువద్ద వేలిముద్ర యంత్రము నిలిపి, అందరి ఫోనులలోను ఒక యాప్ ఎక్కించెను. అట్టి సాఫ్టువేరులో, అర్జీ వచ్చినది మొదలు జీతపు పట్టీలో లెక్క చేరువరకు మనిషి ముట్టకయే చీటీ ఒక చేతినుండి మరియొక చేతికి సాగిపోవునట్లు త్రోవ పరచి యుంచవచ్చును. దానినే వారు 'ఆటోమేటెడ్ వర్క్‌ఫ్లో' అందురు. యంత్రము పని చేయునని జనులనుకొందురు. కాని కంచెవెంట తిరుగువాడు మనిషియే, పలక కడుగునది మనిషియే. యంత్రము చేపట్టినది వారి మధ్యనున్న నిరీక్షణను.

ఈ త్రోవకు మూడే మూలాంగములు: ఒక సంఘటన, ఒక షరతు, ఒక చర్య. 'ఇది జరిగినపుడు, ఇట్లున్న యెడల, ఇది చేయుము' అనునది దాని వ్యాకరణము. మైసూరు రాజ్యములో ముద్దేనహళ్ళియందు జన్మించి, గిద్దలూరు ప్రాంతపు మోక్షగుండమును ఇంటిపేరుగా మోసిన విశ్వేశ్వరయ్యగారు, 1903లో పూనా సమీపమున ఖడక్‌వాస్లా జలాశయమునకు అమర్చిన స్వయంచాలక ద్వారములు ఈ వ్యాకరణమునకు చక్కని ఉదాహరణము. నీటిమట్టము హద్దును దాటగనే, ఏ కావలివాడును తాకకుండ, ఆ నీటి బలముచేతనే తలుపులు తెరచుకొనును. మట్టము దిగగనే మూసికొనును. మట్టము పెరుగుట సంఘటన, హద్దు దాటుట షరతు, తలుపు తెరచుట చర్య. అర్ధరాత్రి వరద వచ్చినపుడు తలుపెత్తువాడు నిద్రించుచున్నాడో, పొరుగూరికి పోయినాడో అను చింత లేకుండుటయే యందలి మహోపకారము.

మా తాలూకా రైతుల కిట్టి నియమము మరియొకటి చిరపరిచితమే. సౌరక్షేత్రమునకు భూములను కొనలేదు, కౌలునకు తీసికొనిరి. ఎకరమునకు ఏడాదికి 21,000 రూపాయలు, రెండేండ్ల కొకసారి నూటి కైదు చొప్పున హెచ్చు. రెండేండ్లు నిండుట సంఘటన; అంతట 21,000 కాస్త 22,050 అగును, మరి రెండేండ్లకు 23,152 రూపాయల 50 పైసలు అగును. ఏ రైతును ఏ కచ్చేరీ మెట్లెక్కి 'అయ్యా, హెచ్చింపుడు' అని చేతులు కట్టుకొని అడుగ నక్కరలేదు. అడుగ నక్కరలేకుండుటలో నున్న గౌరవము, అడిగి అడిగి విసిగినవానికే తెలియును.

హాజరు లెక్కను యంత్రమున కప్పగించుట నేటి మాట కాదు. అమెరికాలో ఆబర్న్ పట్టణపు నగల వర్తకుడు విల్లర్డ్ బండీ 1888లో కూలివాడు వచ్చిన వేళను కాగితముమీద అచ్చొత్తు గడియారమును కల్పించెను. ఆ వ్యాపారము చేతులు మారి మారి తుదకు ఐబీఎం అను మహాసంస్థలో కలిసినది. ఇంగ్లండులో తేనీటి దుకాణములు నడపు లయన్స్ కంపెనీ, తన గుమాస్తాల లెక్కల భారమునకు తాళలేక తానే యొక కంప్యూటరును నిర్మించి, 1951లో దానికి 'లియో' అని పేరిడి పనిలో పెట్టెను. ఆరితేరిన గుమాస్తా ఒక్కొక్కని జీతము కట్టుటకు ఎనిమిది నిమిషములు పట్టుచుండగా, లియోకు ఒకటిన్నర సెకను పట్టెనని ప్రసిద్ధి. వ్యాపార కార్యములకు కంప్యూటరును మొదట వాడుకొన్నవారు టీకొట్టువారగుట నాకు మిక్కిలి ప్రీతికరమైన విషయము. ఏలయన, ఈ శాస్త్రములో నేను నేర్చిన ముఖ్యపాఠము సైతము తిరుమణి టీ అంగడి బల్లమీదనే జరిగినది.

అది యెట్లనిన: సాఫ్టువేరు పెట్టిన పదిదినములకు మేనల్లుడు వాడిన ముఖముతో వచ్చి, మూడు దినములుగా రాత్రి కావలివారిలో ఒక్కనికిని సెలవు మంజూరు కాలేదనియు, ఎవరి అర్జీ చూచినను 'పెండింగు' అని మాత్రమే యున్నదనియు, కంపెనీవారికి ఫోను చేసిన వారు తమ యంత్రములో లోపమేమియు లేదనుచున్నారనియు చెప్పెను. అతడు వ్రాసిన నియమము లేవో చెప్పుమంటిని. రాత్రి కావలివాడు సెలవడిగినపుడు బదులు మనిషి ఒప్పుకొన్నగాని మంజూరు చేయరాదు, ఇది మొదటిది. మంజూరైన సెలవులకు మాత్రమే బదులు మనిషికి కబురు పంపవలెను, ఇది రెండవది. విడివిడిగా చూచిన రెండును న్యాయముగనే యున్నవి.

1962లో కార్ల్ ఆడం పెట్రి యను జర్మను గణితజ్ఞుడు తన పరిశోధన గ్రంథములో ఇట్టి చిక్కులను చిత్రించుట కొక పద్ధతి చూపెను. స్థితికి ఒక వలయము, క్రియకు ఒక గీత, వలయములలో గింజలు. ఒక గీతలోనికి వచ్చు అన్ని వలయములలోను తలా యొక గింజ యున్నపుడే ఆ క్రియ జరుగును. జరిగినపుడు ఆ గింజలను తీసికొని, ముందున్న వలయములలో క్రొత్త గింజల నుంచును. ఇంతే యాట, పులిజూదము తెలిసినవానికి అరఘడియలో పట్టుబడును. టీ అంగడివాని నడిగి నాలుగు చింతపిక్కలు తెచ్చి, సుద్దముక్కతో బల్లమీద వలయములు గీచితిని. 'అర్జీ వచ్చినది' అను వలయములో ఒక పిక్క. 'బదులు మనిషి ఒప్పినాడు' అను వలయము ఖాళీ. ఈ రెంటినుండి 'మంజూరు' గీతకు బాణములు. మంజూరునుండి 'కబురు పోయినది' అను వలయమునకు, అచ్చటినుండి 'ఒప్పుకోలు' గీత మీదుగా మరల ఆ ఖాళీ వలయమునకు బాణము.

"ఇప్పుడు పిక్క జరుపురా," అంటిని.

వాడు వ్రేలు చాపి, ఎటు జరుపుటకును తోచక, కొంతసేపు గాలిలోనే నిలిపెను. మంజూరు కావలెనన్న ఒప్పుకోలు పిక్క కావలెను. ఒప్పుకోలు పిక్క రావలెనన్న మంజూరు కావలెను. పెండ్లి యైతే గాని పిచ్చి కుదరదు, పిచ్చి కుదిరితే గాని పెండ్లి కాదు. ప్రక్కను టీ త్రాగుచున్న పెద్దాయన యొకడు మా సామెతనే పైకి చెప్పి నవ్వెను. మేనల్లుడు నవ్వలేదు, ఫోను తీసి, అర్జీ రాగనే బదులు మనిషికి కబురు పోవునట్లు రెండవ నియమమును మార్చెను. టీ చల్లారకముందే మూడు దినముల సెలవులును ఒకదానివెంట నొకటి టింగుటింగుమని మంజూరైనవి. 2003లో నెదర్లాండ్సు పండితుడు వాన్ డెర్ ఆల్స్ట్, అతని సహచరులు ముగ్గురు, ఇట్టి కార్యమార్గముల అల్లికలను ఏరి ఇరువది మాదిరులుగ వర్గీకరించిరి: ఒకదానివెంట నొకటి నడచునవి, విడిపోయి మరల కలియునవి, ముందు వచ్చినదానితోనే తృప్తిపడునవి, ఇత్యాదులు. ఆ పట్టికను మేనల్లునికి చూపబోగా, ఇరువది ఎందుకు, తనకు ఒక్కటి చాలనెను.

అంతకంటె విచిత్రమైనది రాత్రి షిఫ్టు గొడవ. నెల తుదిని జీతపు పట్టీ వచ్చునప్పటికి, ఆరు రాత్రులు వరుసగ కావలి కాచిన యొకనికి మొదటి దినము గైరుహాజరనియు, తక్కిన దినములలో ఒక్కొక్కనాడు పదునారేసి గంటలు పని చేసి ఓవర్‌టైము సంపాదించెననియు పడెను. వాడు నిజాయితీపరుడు, ఇంత ధనము నాకెట్లు వచ్చునని తానే వచ్చి అడిగెను. కారణ మెంత వెదకినను దొరకక, తుదకు గేటు యంత్రపు చిట్టానే వరుసగ చదివితిమి. సాఫ్టువేరు ఆ దినపు మొదటి వేలిముద్రను రాక గాను, కడపటి వేలిముద్రను పోక గాను లెక్కించును. దాని దినము అర్ధరాత్రి 12 గంటలకు మొదలై అర్ధరాత్రి 12 గంటలకు ముగియును. మొదటినాడు రాత్రి 10 గంటల ముద్ర యొక్కటే యున్నది. పోక లేదు గనుక గైరుహాజరు. మరునాడు ఉదయము 6 గంటలకు అతడు ఇంటికి పోవుచు వేసిన ముద్ర రాక యైనది. రాత్రి 10 గంటలకు మరల పనికి వచ్చుచు వేసినది పోక యైనది. నడుమ ఇంట రాగిముద్ద తిని, పండుకొని, పిల్లలను బడినుండి తెచ్చుకొనిన పదునారు గంటలును యంత్రము దృష్టిలో పని!

దీనికి మందు మన పంచాంగములోనే యున్నది. పంచాంగకర్తకు వారము సూర్యోదయమునుండి సూర్యోదయమువరకు. అర్ధరాత్రి యనునది అతనికి దినము మధ్యనున్న యొక ఘడియ మాత్రమే. రాత్రి పదింటికి వచ్చి తెల్లవారి పోవువాని పని ఆ లెక్కలో విరుగక ఒకే దినములో నిముడును. సాఫ్టువేరులో 'దినారంభ వేళ' అను నొక గడి యుండెను. దానిని రాత్రి షిఫ్టువారి వరకు మధ్యాహ్నము 12 గంటలకు మార్చగనే, గైరుహాజరును పోయెను, ఓవర్‌టైమును పోయెను. ఓవర్‌టైము పోయినందుకు ఆ నిజాయితీపరుని భార్య మమ్ములను కొంతకాలము పలుకరింపలేదు.

ఇక మౌనమునుగూర్చి చెప్పవలెను. అర్జీ పోయినది, చూడవలసినవాడు చూడలేదు, ఔననలేదు, కాదనలేదు. మనుష్యులలో మౌనము అర్ధాంగీకారము. యంత్రమునకు అర్ధము పనికిరాదు. అంగీకారమో, నిరాకరణమో, లేక పైవానికి పంపుటయో, మూటిలో ఒకటి ముందుగనే వ్రాసియుంచవలెను. నా యభిప్రాయమున కార్యమార్గమును కూర్చువాని ధర్మాధర్మములన్నియు ఈ యొక్క గడిలోనే బయటపడును. ఏలయన, అధికారి అలసత్వమునకు ఎవరు వెల చెల్లింపవలెనో నిర్ణయించునది అదియే. 'ఇరువదినాలుగు గంటలలో చూడనిచో తిరస్కృతము' అని వ్రాసినచో కావలివాడు చెల్లించును. 'మంజూరు' అని వ్రాసినచో సూపర్వైజరు చెల్లించును. మేనల్లుడు చాల తర్జనభర్జన చేసి, ఒక్క దినపు సెలవైన మౌనము అంగీకారమనియు, అంతకు మించినచో సైటు మేనేజరునకు పోవలెననియు వ్రాసెను. మేనేజరు పేరు వ్రాయబోగా వద్దని పదవి వ్రాయించితిని. పేర్లు బదిలీయై పోవును, పదవులు నిలుచును.

ప్రభుత్వములు సైతము ఈ మౌనమునకు వెల కట్టినవి. మా కర్ణాటక రాష్ట్రపు 2011 నాటి 'సకాల' చట్టము ప్రకారము, గడువు దాటిన సేవకు దినమునకు 20 రూపాయల చొప్పున, 500 రూపాయలకు మించకుండ, అర్జీదారునకు పరిహారము చెల్లును. మాకు పొరుగుననే, అనంతపురము జిల్లా నార్పల మండలము బండ్లపల్లిలో 2006 ఫిబ్రవరి 2న ఉపాధి హామీ పథకమునకు శ్రీకారము చుట్టిరి. అందు పని అడిగిన పదునైదు దినములలో పని చూపవలెననియు, మస్టరు ముగిసిన పదునైదు దినములలో కూలి ముట్టవలెననియు నియమము లుండెను. పదునారవ దినమునుండి ఆలస్యమునకు దినమునకు నూటికి 0.05 వంతు పరిహారము. వేయి రూపాయల కూలికి దినమునకు అర్ధరూపాయి! అయినను, ఆలస్యమునకు ఒక లెక్క యున్నదని చట్టమే ఒప్పుకొనుట చిన్న విషయము కాదు. మస్టరు, కొలతల పుస్తకము, కూలి పట్టీ, చెల్లింపు ఆజ్ఞ అను మెట్లన్నిటిని ఆంధ్రలో తొలినాళ్ళనుండియు కంప్యూటరులోనే గొలుసుకట్టుగా కూర్చిరి.

ఆ గొలుసులో కడపటి లంకె కూలివాని చేతికి డబ్బు ముట్టుట. వ్రేలిముద్ర స్మార్టుకార్డులతో దానిని బాగుచేయ యత్నించినపుడు, కార్తీక్ మురళీధరన్, పాల్ నీహౌస్, సందీప్ సుఖ్తంకర్ అను మువ్వురు అర్థశాస్త్రజ్ఞులు ఎనిమిది జిల్లాలలోని 157 మండలములలో చీట్లు వేసినట్లు కొన్నిటిని ముందుంచి, కొన్నిటిని వెనుకనుంచి, రెంటిని పోల్చి చూచిరి. ఆ జిల్లాలలో అనంతపురమును ఒకటి. కార్డులు వచ్చిన మండలములలో కూలి సుమారు ఆరు మొదలు పది దినములు ముందుగ ముట్టెననియు, ఒక్కొక్క చెల్లింపునకై నిలువబడు కాలము ఇరువది నిమిషములకు పైగా తగ్గెననియు, దారిలో కారిపోవు సొమ్ము నూటికి నలువదివంతుల మేర తరిగెననియు వారు 2016లో ప్రకటించిరి. నిరీక్షణను తగ్గించుట యనగా నేమో తెలియగోరువాడు ఆ ఆరు దినములను కూలివాని యింటి పొయ్యిప్రక్కను కూర్చుండి లెక్కింపవలెను.

అదే పథకములో 2023 జనవరినుండి పనిచోటులనుండి దినమునకు రెండుసార్లు ఫోనులో ఫొటో తీసి హాజరు పంపవలెనను నియమము వచ్చినది. యంత్రము ఫొటో వచ్చినదా యని చూచును గాని, ఫొటోలో ఏమున్నదని చూడదు. తుదకు 2025 జూలైలో కేంద్ర మంత్రిత్వశాఖవారే, పనికి సంబంధింపని చిత్రములును, ఫొటోలకు మరల తీసిన ఫొటోలును హాజరుగా ఎక్కుచున్నవని రాష్ట్రములకు వ్రాయవలసివచ్చెను. ఖడక్‌వాస్లా తలుపునకు నీటి బరువు తెలియును. అది బొమ్మనీటికి తెరచుకొనదు. కాగితపు త్రోవకు అట్టి బరువేమియు లేదు.

ఇట్టి సాఫ్టువేరులను లోకమునకు అమ్మువారిలో మన తెలుగువారు వెనుకబడియుండలేదు. హైదరాబాదున 2015లో పుట్టిన డార్విన్‌బాక్స్ విలువ 2022 జనవరిలో వందకోట్ల డాలర్లు దాటెను; 'కేక' అను మరియొక సంస్థయు అచ్చటిదే, ఆ పేరు విన్న తెలుగువాడు చిరునవ్వు నవ్వక మానడు. మా మేనల్లుని కాంట్రాక్టరు కొన్నది వీనిలో నేదియు కాదు. దానిలో కబుర్లన్నియు ఆంగ్లమున నుండెను. 'యువర్ లీవ్ రిక్వెస్ట్' అని మొదలగు వాక్యమును చూచి, తన్ను పనినుండి తీసివేసిరేమో యని పలకలు కడుగు నొకామె ఏడ్చుచు షెడ్డునకు వచ్చెను. కబురు మార్చుకొనుటకు వీలున్న గడిలో మేనల్లుడు 'నీ రజా ఒప్పుకొన్నాము, పొయ్యిరా' అని తెలుగుమాటలను కన్నడలిపిలో వ్రాసి పెట్టెను. చువ్వనాటి చీటీల భాష యిట్లు యంత్రములోనికి చేరెను.

నాగలమడికె సుబ్రహ్మణ్యస్వామికి పుష్యమాసములో రథోత్సవము. ఆనాడు తేరు చూడగోరనివాడు మా వైపున లేడు. ఒకే దినమున ఆరుగురికి మించి సెలవీయరాదను షరతు యంత్రములో ముందే యుండెను. ఏడవ అర్జీ దానంతట అది తిరస్కృతమగును. అర్జీల గడి తెరచిన ఉదయము ఏడు నిమిషములలో ఆరు సెలవులును అయిపోయినవి. అయిపోయినవానిని చూడగా, ఆరుగురును గేటు దగ్గరి బీటువారే. కంచె కొసల కాపలావారికి సిగ్నలు లేదు. వారు గుట్టెక్కి అర్జీ పంపునప్పటికి తలుపు మూసికొనినది. ముందు వచ్చినవానికి ముందు అను న్యాయము, చువ్వకంటె ఎంతో మేలైనదని నేను పొగడిన న్యాయము, ఇచ్చట టవరుకు దగ్గరనున్నవానికి ముందు అని అర్థమైనది.

మేనల్లుడు ఆ యొక్క దినమునకు నియమమును ఆపివేసెను. అందరి పేర్లును కాగితముమీద వ్రాసికొని, సాయంకాలము షిఫ్టు మారువేళ గేటువద్ద నిలిచి ఒక్కొక్కరినే అడిగెను: ఎవరి బిడ్డకు పుట్టువెంట్రుకలు తీయవలెను, ఎవరికి మ్రొక్కుబడి యున్నది, పోయినయేడు తేరునకు ఎవరు పోయిరి, ఎవరు పోలేదు. ఆరుగురు పదుగురైరి, ఉదయము తేరు చూచినవారు మధ్యాహ్నమునకు తిరిగివచ్చునట్లు, మధ్యాహ్నము పోవువారు ఉదయపు షిఫ్టు కాచునట్లు వారిలో వారే సర్దుకొనిరి. ఆ సర్దుబాటును యంత్రములో ఎక్కించుటకు అతనికి రాత్రి పదకొండు గంటలు దాటెను.

తేరునాటి ముందురోజు నేను షెడ్డునకు పోయితిని. బల్లమీద చువ్వ యింకను అట్లే యున్నది. దానికి ఒకే యొక్క చీటీ గ్రుచ్చియుండెను. ఎవరిదని తీసి చూడగా మేనల్లునిదే. సూపర్వైజరు తన సెలవును తానే మంజూరు చేసికొనరాదని సాఫ్టువేరు అతని అర్జీని పైకి పంపును. పైనున్న సైటు మేనేజరు పదవి రెండు నెలలనుండి ఖాళీ. అంతకు పైనున్న కాంట్రాక్టరు ఆ యాప్‌ను తన ఫోనులో ఎక్కించుకొననే లేదు.

"రేపు వస్తావారా తేరుకు?" అని అడిగితిని.

"ఆయప్ప ఈ పొద్దు సైటుకు వస్తాడంట మామా. చువ్వ మీదిది కనపడితే చూస్తాడు," అని, చీటీ నా చేతిలోనుండి తీసికొని, అక్షరములు వాకిలి వైపునకు తిరిగియుండునట్లు మరల గ్రుచ్చెను.